పోయే సామాను, ఉండిపోయే సామాను



పోయిన నెల మా అబ్బాయి, కోడలు, ఇద్దరు పిల్లలు ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. మెల్బోర్న్‌కి. చూసి రావడానికి కాదు, అక్కడే ఉండటానికి. ఆ రోజు నుంచి ఊళ్ళో ఎవరు ఎదురుపడినా రెండే ప్రశ్నలు. ఆడవాళ్ళయితే "ఏమేం పెట్టి పంపారు?" అంటారు. మగవాళ్ళయితే "పొలం సంగతి ఏం చేశావు?" అంటారు. రచ్చబండ దగ్గర ఇప్పటికి పదిసార్లు చెప్పి ఉంటాను. ఇక్కడ ఒకసారి రాసి పెడితే మీలో ఎవరికైనా పనికొస్తుందని కూర్చున్నా. మన గుంటూరు, పల్నాడు పల్లెల్లో ఇప్పుడు ఏ వీధి చూసినా ఒకరిద్దరి పిల్లలు బయటి దేశాల్లో ఉంటున్నారు. రేపు మీ ఇంట్లోనూ ఈ పని పడొచ్చు. పోస్టు కాస్త పెద్దదే, తీరిగ్గా చదవండి.

ముందుగా ఒక మాట. సామాను సర్దటం అంటే పెట్టెల్లో పెట్టటమే అనుకుంటాం. నాకు అర్థమయ్యింది ఏంటంటే, పెట్టెల్లోకి పోయేది చాలా తక్కువ. ఇక్కడ ఉండిపోయేదే ఎక్కువ. పోయేదాన్ని పిల్లలు సర్దుకోగలరు. ఉండిపోయేదాన్ని సర్దాల్సింది మాత్రం మనమే.

మావాడు హైదరాబాద్‌లో 9 ఏళ్ళు కాపురం చేశాడు. అద్దె ఇల్లు. ఆ ఇంట్లో ఎంత సామాను ఉందో ఖాళీ చేసే రోజు దాకా వాళ్ళకే తెలియదు. గ్యాస్ కనెక్షన్ ఏజెన్సీలో సరెండర్ చేసి డిపాజిట్ వెనక్కి తీసుకున్నారు. మంచాలు, సోఫా అక్కడే అపార్ట్‌మెంట్ వాళ్ళకు అమ్మేశారు. ఫ్రిజ్, వాషింగ్ మిషన్, బీరువా, మిక్సీ, గ్రైండర్, పిల్లల సైకిలు, నాలుగు అట్టపెట్టెల పుస్తకాలు, స్టీలు సామాను, పరుపులు ఒక ట్రాలీ ఆటోలో మా ఊరికి వచ్చాయి. మిరపకాయలు కోసిన రోజుల్లో బస్తాలు నిలవేసే పక్కగది ఉంది కదా, ఆ గది నిండిపోయింది. మా అమ్మకు 80 దగ్గర పడ్డాయి. అరుగు మీద కూర్చుని అన్నీ దించేదాకా చూసింది. చివర్లో ఒకటే మాట అంది. "సామాన్లన్నీ ఇంటికొచ్చినయ్యిరా, మనుషులే పోతన్నారు."

ఎవరం ఏం మాట్లాడలేదు. ట్రాలీ అబ్బాయికి మజ్జిగిచ్చి పంపించాం.

ఇక తూకం సంగతి. మావాళ్ళ టికెట్ మీద మనిషికి 30 కిలోల సామాను, చేతి సంచి 7 కిలోలు అని ఉంది. ఒక్కో విమానానికి ఒక్కో లెక్క ఉంటుంది, మీ టికెట్ మీద ఎంతుందో చూసుకోండి. పిల్లలకూ టికెట్ ఉంది కాబట్టి నలుగురికీ కలిపి 120 కిలోలు. అంటే ఎంత? యార్డుకు తోలే మిరపకాయల టిక్కీ సుమారు 40 కిలోలు. మూడు టిక్కీలు! తొమ్మిదేళ్ళ కాపురం, ఇద్దరు పిల్లలు, వాళ్ళ బట్టలు, పుస్తకాలు, వంట సామాను అంతా కలిసి మూడు టిక్కీల్లో పట్టాలి.

మాకు కాటా ఇంట్లోనే ఉంది కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు. మిరపకాయలు తూచే కాటా మీదే పెట్టెలు తూచాం. పెట్టెను 29 కిలోల దగ్గర ఆపమని చెప్పాను. మన కాటాకీ వాళ్ళ కాటాకీ అరకిలో తేడా వస్తే విమానాశ్రయంలో పెట్టె విప్పి అందరి ముందూ బట్టలు తీసి పక్కన పెట్టాలి. ఇంకో సంగతి, బరువుకు డబ్బులు కడతామన్నా ఒక్క పెట్టె 32 కిలోలు దాటితే మామూలుగా తీసుకోరు. మోసేవాళ్ళ నడుములు పోతాయని పెట్టిన నియమం అది. మన యార్డు హమాలీలకు కూడా అలాంటి నియమం ఒకటి ఉంటే బాగుండు అనిపించింది.

చేతి సంచిలో ఏం పెట్టాలి అన్నదానికి మా కోడలు మంచి పద్ధతి పెట్టుకుంది. పోతే మళ్ళీ దొరకనివన్నీ చేతి సంచిలో. దొరికేవన్నీ పెద్ద పెట్టెలో. పాస్‌పోర్టులు, పెళ్ళి సర్టిఫికెట్, పిల్లల జనన సర్టిఫికెట్లు, స్కూలు టీసీలు, పిల్లలకు వేయించిన టీకాల కార్డులు, డిగ్రీ పట్టాలు, కొంచెం బంగారం, మందులు. తెలుగులో ఉన్న సర్టిఫికెట్లకు ఇంగ్లీషు అనువాదం ముందే చేయించారు. రోజూ వేసుకునే మందులు మూడు నెలలకు మించకుండా, డాక్టరు చీటీతో సహా పెట్టుకున్నారు. ఆ దేశం నియమం అది. ఫోన్లకు ఛార్జింగ్ ఎక్కించే పవర్ బ్యాంకులు పెద్ద పెట్టెలో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే ఉండాలి.

మా ఇంటావిడ ఎండు కొబ్బరి కుడకలు ఓ పది తీసి పెట్టింది. అవి పెద్ద పెట్టెలో వద్దని కోడలు చెప్పింది. నేను ముందు నమ్మలేదు. నిజమే. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, గాలాడకుండా ఉంటే తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం ఉందని విమానాల వాళ్ళు దాన్ని ప్రమాదకరమైన సరుకుల్లో చేర్చారు. తడి గడ్డి వామి వేస్తే లోపల ఉడికి కాలటం మనం చూశాం కదా, అలాంటిదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా.

కోడలు ఫోనులో ఒక జాబితా తీసి నాకు చదివి వినిపించింది. ఆస్ట్రేలియాకు ప్రయాణికులు సామానులో తీసుకుపోకూడని పంటలు. బియ్యం. శనగలు. పెసలు. కందులు. అలసందలు. వేరుశనగ. ధనియాలు. జీలకర్ర. ఎండు మిరపకాయలు. సోయా. గోధుమలు. ఆమె చదువుతుంటే నాకు మా చేను గట్టు మీద నిలబడి పంటల పేర్లు చెప్తున్నట్టు ఉంది. నేను ఈ 35 ఏళ్ళలో ఏమేం పండించానో అన్నీ ఉన్నాయి అందులో. నా చేలో పండింది ఒక్క గింజ కూడా నా మనవడి వెంట పోవడానికి లేదు.

మొదట కోపం వచ్చింది. మన తిండి అంటే వాళ్ళకు అంత రోత అనుకున్నా. కారణం చదివాక కోపం పోయింది.

ఖప్రా అనే పెంకుపురుగు ఉంది. నిల్వ గింజల్లో పడేది. మన భారతదేశం వైపు పుట్టిన పురుగే అది. దాని పిల్లపురుగు ఒంటి నిండా నూగు ఉంటుంది, సంచి కుట్లలో, గోడ పగుళ్ళలో దూరి తిండి లేకుండా ఏళ్ళ తరబడి బతుకుతుంది. మందు పొగ పెట్టినా ఒక పట్టాన చావదు. గోధుమలు ఎగుమతి చేసే దేశంలో అది కాలు పెట్టిందంటే కొనేవాళ్ళు సరుకు వద్దంటారు. ఆస్ట్రేలియాలో ఆ పురుగు స్థిరపడలేదు. అందుకని 2020 నుంచి ఇలాంటి పంటలన్నీ ప్రయాణికుల సామానులోనూ, పార్సిళ్ళలోనూ రాకుండా ఆపేశారు. కారం పొడి గురించి కూడా ఇంట్లో చర్చ జరిగింది. ఆ పంట జాబితాలో ఉంది కాబట్టి వద్దనుకున్నాం. గుంటూరు వాళ్ళం, కారం లేకుండా పిల్లల్ని పంపించాం! అక్కడి దుకాణాల్లో మన కారం దొరుకుతుందట, పద్ధతి ప్రకారం పరీక్షలు చేయించి దిగుమతి చేసుకున్నది.

మా ఇంటావిడ మాత్రం ఒప్పుకోలేదు. గోంగూర విత్తనాలు ఒక గుప్పెడు పాత చీర ముక్కలో మూటకట్టి, మనవరాలి లంగాల మధ్య పెట్టింది. రెండోసారి తూకం వేసేటప్పుడు బట్టలు తీసి సర్దుతుంటే బయటపడింది.

"గుప్పెడు గింజలేగా. కుండీలో వేసుకుంటారు. ఎవరు చూడొచ్చారు?" అంది.

అప్పుడు నేను ఆమెకు 2021 గుర్తుచేశాను. మీకూ గుర్తుండే ఉంటుంది. మిరప తోట నిండా పూత మీదుంది. పువ్వు విప్పి చూస్తే నల్లగా, నలుసంత పురుగులు. పదీ ఇరవై కాదు, పువ్వు నిండా. నల్ల తామర పురుగు. వారానికి రెండు మందులు కొట్టాం. ఒకటి పని చేయకపోతే ఇంకొకటి, అదీ పోతే రెండూ కలిపి. పూత రాలిపోయింది, నిలిచిన కాయ గిడసబారిపోయింది. ఎకరానికి 20 క్వింటాళ్ళు తీసే చేను మాకు ఆ ఏడు 3 క్వింటాళ్ళు ఇచ్చింది. కొంతమంది తోట పీకేసి మొక్కజొన్న వేశారు. కౌలు రైతులు ఎంతమంది అప్పుల్లో మునిగారో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ పురుగు మన దేశానిది కాదు. ఆగ్నేయాసియా దేశాల వైపుది. మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద కనిపించిందని శాస్త్రవేత్తలు రాశారు. ఆరేళ్ళలో మన మిరప చేలోకి వచ్చింది. మొక్కజొన్నకు పట్టిన కత్తెర పురుగు కూడా అంతే. అమెరికా ఖండం పురుగు, 2018లో కర్ణాటకలో కనిపించింది, ఒక్క ఏడాది తిరిగేసరికి మన మొక్కజొన్న సుడులు తినేస్తోంది. గట్ల మీద వయ్యారిభామ కూడా మన తాతల కాలంలో లేదు, అదీ సముద్రాలు దాటి వచ్చిందే. ఎవడి సంచిలోనో, ఏ మొక్క కుండీలోనో, ఏ ఓడలోనో వచ్చాయి. వచ్చేటప్పుడు గుప్పెడే వచ్చి ఉంటాయి.

"మన పొలాన్ని నాశనం చేసింది కూడా ఎవరో తెచ్చిన గుప్పెడే కదా" అన్నాను.

ఆమె ఇంకేం అనలేదు. మూట విప్పి, గింజలు చేటలో పోసుకుని దొడ్లోకి పోయింది. బావి పక్కన మడిలో చల్లేసింది. ఇప్పుడవి మూడాకులు వేశాయి.

మీకు ఒక సంతోషం కలిగించే సంగతి కూడా చెప్తా. మన ఎర్ర గోంగూర జాతి మొక్కను ఆస్ట్రేలియాలో రోసెల్లా అంటారు. ఉత్తరాన వేడి ప్రాంతాల్లో ఎప్పటి నుంచో ఉంది. వాళ్ళు ఆకు కంటే కాయ మీద ఉండే ఎర్రటి తొడిమల్ని ఎక్కువ వాడతారు, వాటితో జామ్ చేసుకుంటారు. అక్కడి విత్తనాలు అక్కడే కొనుక్కుని వేసుకోవచ్చు. ఇది కోడలు వెతికి చెప్పాక మా ఇంటావిడ మనసు కాస్త కుదుటపడింది. "ఆకు పారేసి తొడిమలు తింటారా!" అని మాత్రం ఇప్పటికీ ఆశ్చర్యపోతూనే ఉంది.

పచ్చళ్ళ సంగతి అడుగుతారని తెలుసు. ఆవకాయలో టెంక ఉంటుంది కాబట్టి వద్దన్నాం. దుకాణంలో సీలు వేసి అమ్మే రెండు సీసాలు కొని పెట్టాం, లోపల ఏముందో సీసా మీద రాసి ఉండేవి. ఇంట్లో పెట్టిన మాగాయ ఒక చిన్న డబ్బా పెట్టాం. అది పోయినా పోనీ అనుకునే పెట్టాం.

వెళ్ళేవాళ్ళు ఒక కాగితం నింపాలి. విమానం దిగే ముందే ఇస్తారు. తిండి సరుకులు ఉన్నాయా, మొక్కలు, విత్తనాలు, కర్ర సామాను, జంతువులకు సంబంధించినవి ఉన్నాయా, మట్టి అంటిన వస్తువులు ఉన్నాయా అని ఉంటుంది. ఉంటే ఉన్నాయని టిక్ పెట్టాలి. ఉన్నదని చెప్పి చూపిస్తే, వాళ్ళకు నచ్చకపోతే తీసి పారేస్తారు, అంతే. జరిమానా ఉండదు. లేదని రాసి దొరికితే జరిమానా. తాత్కాలిక వీసా మీద పోయినవాళ్ళకు వీసా రద్దయ్యే దాకా పోవచ్చు. కాబట్టి మీ పిల్లలకు చెప్పండి, అనుమానం ఉంటే "ఉంది" అనే రాయమనండి. మావాళ్ళు మాగాయ కూడా రాశారు. అక్కడి ఆఫీసరు మూత తీసి చూసి, నూనెలో ఊరిన ముక్కలని తెలుసుకుని ఇచ్చేశాడట. ఇంకోసారి ఇస్తాడని నేను చెప్పలేను. అది ఆ రోజు ఆఫీసరు నిర్ణయం.

ఆ కాగితంలో ఒక ప్రశ్న నాకు బాగా నచ్చింది. గత 30 రోజుల్లో మీరు పొలాలకు, పశువుల దగ్గరకు వెళ్ళారా అని అడుగుతారు. మావాళ్ళు వెళ్ళేముందు మూడు వారాలు ఇక్కడే ఉన్నారు. రోజూ పొద్దున్నే మనవడు నాతో చేనుకు వచ్చేవాడు, సాయంత్రం గేదెల కొట్టంలోనే ఉండేవాడు. కాబట్టి "అవును" అనే టిక్ పెట్టాలి.

గాలికుంటు వ్యాధి గురించి వాళ్ళకు అంత భయం. ఆ దేశంలో 1872 తర్వాత గాలికుంటు లేదు. మనం ఆరునెలలకోసారి పశువైద్యులు టీకాలు వేస్తుంటే కూడా గిట్టలు పుళ్ళు పడి, నోట్లోంచి చొంగ కారుతూ మేత మానేసిన గొడ్లను చూస్తూనే ఉన్నాం. చెప్పుకు అంటిన పేడలో కూడా ఆ రోగం పోవచ్చు. అంతెందుకు, అదే విక్టోరియా రాష్ట్రంలో 1859లో ఒక భూస్వామి వేటాడుకోవడానికి రెండు డజన్ల కుందేళ్ళను ఇంగ్లండ్ నుంచి తెప్పించి వదిలాడు. అవి దేశమంతా పాకి పచ్చిక, పైరు తినేశాయి. పశ్చిమాన వాటిని ఆపడానికి 1901 నుంచి 1907 దాకా వందల మైళ్ళ కంచె కట్టారు. దెబ్బ తిన్న దేశం కాబట్టి జాగ్రత్త నేర్చుకుంది.

అందుకని బయల్దేరే ముందు రోజు మనవడి బూట్లు, క్రికెట్ బ్యాటు ముందేసుకుని కూర్చున్నాం నేను, వాడు. పాత పళ్ళ బ్రష్‌తో బూట్ల అడుగున గాళ్ళలో ఇరుక్కున్న నల్లరేగడి తీశాం. మన రేగడి మన్ను ఎంత మొండిదో తెలుసుగా. పిన్నీసుతో తవ్వి, సబ్బు నీళ్ళతో కడిగి, ఎండబెట్టాం. బ్యాటు చివర పగుల్లో మట్టి చేరితే అదీ తుడిచాం.

"తాతయ్యా, మన మట్టి మంచిది కాదా?" అని అడిగాడు వాడు. వాడికి 8 ఏళ్ళు.

"మంచిదేరా. కాకపోతే అందులో ఏముందో వాళ్ళకు తెలియదు. మన గొడ్లు, మన పైర్లు దానికి అలవాటు పడ్డాయి. వాళ్ళవి పడలేదు."

"మరి నేను?"

"నువ్వు ఎక్కడైనా అలవాటు పడతావులే" అన్నాను. వాడు తల ఊపి మళ్ళీ బ్రష్ అందుకున్నాడు.

సరే, ఇప్పుడు రెండో ప్రశ్న. పొలం.

ఇది మగవాళ్ళే కాదు, ఇంట్లో ఆడవాళ్ళు కూడా చదవాలి. మా చుట్టాల్లో పెద్దవాళ్ళు ఇద్దరు నెల ముందు నుంచీ నన్ను వదల్లేదు. "వాడు విమానం ఎక్కేలోపు నీ పేరు మీదున్న రెండెకరాలు వాడికి గిఫ్ట్ రాసెయ్. తర్వాత చట్టం ఒప్పుకోదు" అని. వాళ్ళు చెప్పిన దాంట్లో సగం నిజం. మొత్తం తెలుసుకోవాలని గుంటూరులో లాయరును కలిశాను. ఆయన చెప్పిందీ, నేను అర్థం చేసుకున్నదీ ఇది:

1. ఉద్యోగానికని బయటి దేశంలో స్థిరపడినవాడు మన దేశంలో ఇల్లు, ఫ్లాటు కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి మాత్రం కొనకూడదు. గిఫ్ట్‌గా కూడా తీసుకోకూడదు. ఫెమా చట్టం కింద ఉన్న నియమం ఇది.

2. కానీ తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన వ్యవసాయ భూమిని ఉంచుకోవచ్చు. దీనికి అడ్డు లేదు. అంటే "ఇప్పుడు రాయకపోతే ఎప్పటికీ రాదు" అన్నది నిజం కాదు.

3. ఇక్కడ ఉన్నప్పుడు తన పేరున కొనుక్కున్న భూమిని వెళ్ళిన తర్వాత కూడా ఉంచుకోవచ్చు. అమ్మాలనుకుంటే ఇక్కడ నివాసం ఉండే భారతీయుడికే అమ్మాలి.

మావాడు ఉద్యోగంలో చేరిన కొత్తలో తన డబ్బుతో మా చేను పక్కన ఎకరం కొన్నాడు. అది వాడి పేరు మీదే ఉంది, ఉంటుంది. దాని బాగోగులు చూడటానికి నాకు పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. సర్వే వాళ్ళు వచ్చినా, గట్టు తగాదా వచ్చినా, పాస్‌బుక్ పని పడినా, బ్యాంకుకు పోయినా "యజమాని ఏడీ?" అంటారు. అందుకని వెళ్ళకముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇద్దరం నిలబడి రిజిస్టర్ చేయించాం. ఒక్క పూట పని. వెళ్ళాక చేయించాలంటే వాడు అక్కడ మన కాన్సులేట్‌కు పోయి సంతకం ధ్రువీకరించుకోవాలి, ఆ కాగితం పోస్టులో రావాలి, వచ్చిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇవన్నీ అవసరమా?

ఆ కాగితంలో అమ్మే హక్కు నేను రాయించుకోలేదు. సాగు చేయించడం, కౌలుకివ్వడం, ఆఫీసుల్లో సంతకాలు పెట్టడం వరకే. మావాడు "అదీ రాయించుకో నాన్నా, నీ మీద నమ్మకం లేకనా?" అన్నాడు. నమ్మకం సంగతి కాదు. రేపు నాకు ఒంట్లో బాగాలేక ఎవరో వచ్చి ఇక్కడ సంతకం పెట్టు అంటే? లేని అధికారాన్ని ఎవరూ నా చేత వాడించలేరు.

ఇక నా రెండెకరాలు. దాని గురించి ఒక రాత్రి అందరం కూర్చున్నాం. చిలకలూరిపేట నుంచి మా అమ్మాయిని, అల్లుణ్ణి కూడా పిలిపించాను. ఆడపిల్లకు తెలియకుండా ఇంట్లో భూమి మాట ఎత్తకూడదని నా పద్ధతి. మావాడు ముందే తేల్చేశాడు. "నాన్నా, నీ పేరు మీదే ఉండనీ. నాకు ఇప్పుడు రాస్తే నువ్వు నీ చేలోనే నన్ను అడిగి పంట వెయ్యాలి. అది నాకు బాగోదు." అమ్మాయి కూడా అదే మాట. మా ఇంటావిడ ఒక్కటే అడిగింది. "నాకేమైనా అయితే ఈయనకి, ఈయనకేమైనా అయితే నాకు, ఎవరినీ చెయ్యి చాచకుండా జరగాలి. ఆ తర్వాత మీ ఇద్దరిష్టం."

అదే రాయించాను. వీలునామా. నా తర్వాత మా ఇంటావిడకు, ఆ తర్వాత పిల్లలిద్దరికీ చెరి సగం. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించాను, రేపు ఎవరూ కాదనకుండా.

మిత్రులారా, ఈ విషయంలో నేను గట్టిగా చెప్తున్నా. పిల్లలు దూరం పోతున్నారన్న కంగారులో, ఎవరో తొందరపెట్టారని, ఉన్నదంతా రాసేసి చేతులు దులుపుకోకండి. పిల్లలు చెడ్డవాళ్ళని కాదు. నా కొడుకు బంగారం. అయినా 56 ఏళ్ళ వయసులో, 80 ఏళ్ళ తల్లిని పెట్టుకుని ఉన్న రైతు చేతిలో తన పాస్‌బుక్ తన పేరు మీద ఉండాలి. పంట రుణానికి పోయినా, ఆస్పత్రికి పోయినా, ఊళ్ళో నలుగురిలో కూర్చున్నా ఆ కాగితం మనకు వెన్నెముక. భూమి పిల్లలకు ఎప్పుడైనా చేరుతుంది. ముసలితనంలో పోయిన ధైర్యం మళ్ళీ రాదు.

ఉండిపోయే సామానులో ఇంకొన్ని ఉన్నాయి, క్లుప్తంగా చెప్తా.

బ్యాంకు ఖాతా: బయటి దేశంలో స్థిరపడ్డాక మామూలు సేవింగ్స్ ఖాతా అలాగే నడపకూడదు, ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించాలి. బ్యాంకుకు ముందే చెప్పి ఫారాలు తీసుకోండి.

ఫోన్ నంబరు: ఆధార్, పాన్, బ్యాంకు, భూమి కాగితాలు అన్నిటికీ ఓటీపీ వచ్చేది ఆ ఒక్క నంబరుకే. ఆ సిమ్ చచ్చిపోతే సగం పనులు ఆగిపోతాయి. మావాడు దానికి నెలనెలా చిన్న రీఛార్జి చేస్తూ, అక్కడ కూడా మెసేజీలు వచ్చేలా పెట్టుకున్నాడు.

కాగితాల పెట్టె: దస్తావేజులు, 1బి, అడంగల్ నకళ్ళు, బీమా పత్రాలు, కరెంటు మోటారు సర్వీసు కాగితం అన్నీ ఒక రేకు పెట్టెలో పెట్టి, ఏ కవరులో ఏముందో పైన రాసి, ఆ జాబితాను ఫోటో తీసి పిల్లలిద్దరికీ పంపించాను. మా నాన్న పోయినప్పుడు కాగితాల కోసం ఇల్లంతా వెతికిన రోజులు నాకు గుర్తున్నాయి.

మందుల చీటీ: మా అమ్మ బీపీ, షుగరు బిళ్ళల పేర్లు, డాక్టరు నంబరు పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాం. అక్కడి నుంచి ఫోను చేసినప్పుడు "ఏ బిళ్ళ వేశారు?" అంటే చూసి చెప్పేలా.

టైము: మెల్బోర్న్ మనకంటే నాలుగున్నర గంటలు ముందు, వాళ్ళ వేసవిలో అయిదున్నర గంటలు. మనం పొలం నుంచి వచ్చి రాత్రి ఎనిమిదింటికి ఫోను పట్టుకుంటే అక్కడ పిల్లలు ఎప్పుడో పడుకుని ఉంటారు. అందుకని మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు మాట్లాడుతున్నాం. మనకు ఒంటిగంటన్నర అయితే వాళ్ళకు సాయంత్రం, పిల్లలు స్కూలు నుంచి వచ్చి ఉంటారు. చేనులో ఉంటే అక్కడి నుంచే వీడియో చూపిస్తాను. కారం పంపలేకపోయినా కళ్ళంలో ఎండే మిరపకాయలు చూపించడానికి ఏ ఆఫీసరూ అడ్డు చెప్పడు కదా.

పక్కగదిలో సామాను ఇంకా అలాగే ఉంది. వాషింగ్ మిషన్ మా అమ్మాయి తీసుకెళ్ళమంటే "అన్నయ్య వచ్చేదాకా ఉండనీ" అంటుంది. వాడిపోతుందమ్మా, తీసుకుపో అని చెప్తున్నాను. ఫ్రిజ్ మా ఇంట్లో పాతది తీసేసి పెట్టుకున్నాం. పిల్లల సైకిలు మా పాలేరు కొడుక్కి ఇచ్చేశాను, వాడు రోజూ బడికి తొక్కుకుంటూ పోతున్నాడు. పుస్తకాలు హైస్కూలు హెడ్‌మాస్టరు గారిని అడిగాను, లైబ్రరీలో పెట్టుకుంటామన్నారు. జనవరిలో మిరప కోతలు మొదలయ్యేలోపు ఆ గది ఖాళీ అవ్వాలి. మళ్ళీ బస్తాలు వేసుకోవాలి కదా.

మీ ఇళ్ళలోంచి ఎవరైనా వెళ్ళి ఉంటే, మీరు ఏం పంపించారో, కాగితాల విషయంలో మీకు ఎదురైన చిక్కులేంటో కింద రాయండి. అమెరికా, కెనడా వెళ్ళినవాళ్ళ నియమాలు వేరుగా ఉంటాయి, తెలిసినవాళ్ళు చెప్తే మిగతా రైతులకు ఉపయోగం. భూమి విషయంలో మాత్రం నా మాట, ఇంకొకరి మాట పట్టుకుని సంతకం పెట్టకండి. మీ కాగితాలు పట్టుకుని ఒక మంచి లాయరు దగ్గర అరగంట కూర్చోండి.

ఉంటాను మరి. సాయంత్రం మిరపకు నీళ్ళ వంతు మాది.